పాదాల మీద చెయ్యి

ఇంటర్ పిల్లలకి ముప్ఫయ్యేళ్ళు ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ణి. ఎవరైనా ఆత్మలనీ, కలలు నిజమయ్యాయనీ మొదలుపెడితే లేచి వెళ్ళిపోయేవాణ్ణి. దెయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. కానీ నాకు జరిగినదాంట్లో అసలు దెయ్యమే లేదు. అందుకే ఏమనుకోవాలో తెలియడం లేదు.

నిరుడు నాకు ప్రోస్టేట్ క్యాన్సరని తేలింది. తొలి దశే. రాజమండ్రిలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఆసుపత్రిలో రేడియేషన్ మొదలుపెట్టారు. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక నా వంతు.

నీళ్ళు బాగా తాగి, మూత్రాశయం నిండాక బల్ల మీద పడుకోవాలి. ముందు ఆ యంత్రమే చుట్టూ తిరిగి స్కాన్ తీస్తుంది. గ్రంథి ఉండాల్సిన చోటే ఉందా, కాస్త జరిగిందా అని బొమ్మలో చూసి, బల్లని ఆ మేరకు సర్ది, అప్పుడు కిరణాలు వదులుతారు. ఈ పద్ధతి నాకెంత నచ్చిందంటే, మొదటిరోజు భయం మరిచిపోయి టెక్నీషియన్ అమ్మాయిని ప్రశ్నలతో విసిగించేశాను.

గొడవంతా నా కాళ్ళతోనే. తలుపు మూసి అందరూ వెళ్ళిపోగానే రెండు కాళ్ళూ వణకడం మొదలయ్యేది. పాదాలకి ఆసరా పెట్టారు, మాత్ర ఇచ్చారు. లాభం లేదు. కదిలితే మళ్ళీ స్కాన్. ఈలోగా మూత్రం ఆగదు. లేచి పరుగు. మళ్ళీ నీళ్ళు. బయట నాలాగే నీళ్ళ సీసాలతో కూర్చున్నవాళ్ళు, "మాస్టారు మళ్ళీ ఫెయిలండోయ్!" అని నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. "ఇలా కదిలితే పక్కనున్న పేగుకి దెబ్బండి. రేపు కూడా ఇంతే అయితే ఆపేసి వేరే దారి చూద్దాం" అన్నారు.

మర్నాడు పడుకున్నాను. తలుపు మూసుకుంది. కాళ్ళు వణికాయి. అప్పుడు ఎవరో నా పాదాలు రెండూ దగ్గరికి చేర్చి, మీద చెయ్యి వేసి నొక్కారు. వెచ్చగా, బరువుగా. కదలకూడదు కనక తలెత్తి చూడలేదు. విచిత్రంగా భయం కూడా వెయ్యలేదు. హాయిగా కళ్ళు మూతలు పడ్డాయి.

"ఇవాళ బొమ్మ మీద బొమ్మ అతికినట్టు సరిపోయింది మాస్టారూ!" అంటూ వచ్చిందా అమ్మాయి. తర్వాత నెమ్మదిగా అడిగింది. "పాదాల దగ్గర దుప్పటి అంతలా నొక్కుకుపోయిందేంటండి? కెమెరాలో కనిపించింది."

కిరణాలు వదిలేటప్పుడు ఆ గదిలో ఇంకో మనిషి ఉండకూడదు. ఉండరు కూడా.

ఆ తర్వాత రోజూ ఇంతే. కాళ్ళు వణకడం మొదలవగానే ఆ చెయ్యి పడేది, ఆగిపోయేవి. ఈ సంగతి మా ఆవిడకి కూడా చెప్పలేదు.

నరసాపురంలో మా పెద్దక్కయ్య ఉంది. ఎనభై దాటాయి, ఇంకా లేసు అల్లుతుంది. చిన్నప్పుడు నన్ను పెంచింది ఆవిడే. కంగారు పడుతుందని నా జబ్బు సంగతి ఆవిడ చెవిన పడనివ్వలేదు. ఒకరోజు సాయంత్రం ఫోన్ చేసింది.

"ఒరేయ్ శేషూ, నీ కాళ్ళకేమైందిరా?"

"ఏమీ కాలేదక్కయ్యా. ఏం?"

"మధ్యాహ్నం కునుకు పట్టిందంటే చాలు, నువ్వెక్కడో చల్లటి గదిలో పడుకుని కాళ్ళు ఆడిస్తూ కనపడుతున్నావు. పట్టుకోలేక చస్తున్నా. చెయ్యి లాగేసి లేసు కూడా అల్లలేకపోతున్నాను. ఇవాళేమో కనపడలేదు. తోచక ఫోన్ చేశా."

ఆ రోజు ఆదివారం. ఆదివారాలు రేడియేషన్ ఉండదు.

పక్కనే వింటున్న మా ఆవిడ ఫోన్ లాక్కుని, "మీ తమ్ముడికి రేడియేషన్ ఇస్తున్నారు వదినగారూ" అని అంతా చెప్పేసింది. అక్కయ్య కాసేపు ఏడ్చింది, దాచినందుకు ఇద్దర్నీ కడిగిపారేసింది. చివరికి ముక్కు చీదుకుని, "సర్లే, ఇంకెన్నాళ్ళు పట్టుకోవాలో చెప్పు" అంది.

"ఇంకో రెండు వారాలు" అన్నాను.

"అయితే రేపట్నుంచి అన్నం తినగానే పడుకుంటా."

మా ఆవిడకి నవ్వు ఆగలేదు. ఏడుస్తూనే నవ్వింది.

చికిత్స పూర్తయింది. తర్వాత రక్తపరీక్ష చూసి డాక్టరుగారు మొదటిసారి నవ్వారు. మేమిద్దరం స్వీట్లు పట్టుకుని నరసాపురం వెళ్ళాం. అక్కయ్య వీధి గుమ్మంలోనే నన్ను వాటేసుకుంది.

భోజనాలయ్యాక ఉండబట్టలేక అడిగాను. "అక్కయ్యా, అంత దూరం నుంచి ఎలా పట్టుకున్నావు?"

"నాకేం తెలుసురా? నిద్రపోతున్నాను కదా!" అని ఇంకో లడ్డూ నా చేతిలో పెట్టింది.

పాఠం చెప్పేటప్పుడు పిల్లల ప్రశ్నకి జవాబు తెలియకపోతే, రేపు చెబుతాననేవాణ్ణి. ఇది మాత్రం ఎప్పటికి చెప్పగలనో తెలియదు.