ఖాసింబీ పిన్నిగారు దాచిన చిన్న ఫ్రేము

దగ్గరికి రండి, ఆ పీట లాక్కుని ఇలా నా పక్కన కూర్చోండి. కేకలేసి చెప్పే సంగతి కాదిది. ఈ రోజు పొద్దున మా రొయ్యల షెడ్డులోకి కొత్తగా పనికొచ్చిన అమ్మాయి పాదం కొలుద్దామని సంచీలోంచి గుడ్డ టేపు తీశాను. మడత విప్పేసరికి పంక్చరు సొల్యూషను వాసన, దాని వెనకే గ్రీజు వాసన గుప్పుమన్నాయి. రొయ్యల నీచునంతా దాటుకుని ఆ వాసన నన్ను తీసుకెళ్ళి ఏలూరు కాలవగట్టు పక్కన ఒక సైకిలు షాపులో నిలబెట్టేసింది. ఆ టేపు ఖాసింబీ పిన్నిగారిది. ఆవిడ పోయి రెండేళ్ళవుతోంది. మీరెవరూ ఆవిడని చూడలేదు, అందుకే చెబుతున్నాను.

ఖాసింబీ గారు బాగా పొట్టి మనిషి. భర్త పోయాక షాపు మూతపడుతుందనుకున్నారందరూ. కొన్నాళ్ళకి ఆవిడ కొంగు నడుముకి దోపి ఆయన స్పానర్లే చేత పట్టుకున్నారు. మొదట్లో మగవాళ్ళు బండి అప్పగించి, నమ్మకం చాలక, ఆఖరి నట్టు బిగించేదాకా పక్కనే నిలబడేవారట. “చూడండి బాబూ, చూస్తే మీకూ పని వచ్చేస్తుంది,” అనేవారట ఆవిడ. మాది కైకలూరు దగ్గర చేపల చెరువుల మధ్య ఊరు. నా పాత సైకిలుకి టైరు కావాలన్నా చైను కావాలన్నా, ఏలూరు వెళ్ళినప్పుడు ఆవిడ దగ్గరే తెచ్చుకునేదాన్ని. నేను చదివింది ఐదో తరగతి. కానీ చేత్తో ఎత్తితే ఏ సరుకు ఎంత తూగుతుందో చెప్పగలను. ఆ విద్య చూసి ఆవిడకి నేనంటే ముచ్చట.

అప్పట్లో మా అమ్మాయి లావణ్య ఏలూరులో ఇంటరు రెండో ఏడు చదువుతోంది. కాలేజీ సైకిలు పందెంలో ముందొచ్చింది. పెదవేగి పామాయిల్ తోటల మధ్య ఎర్రమట్టి దారుల్లో పోటీ పెడతారు, నలుగురిని జిల్లా జట్టుకి తీసుకుంటారు, కానీ దానికి మౌంటెన్ సైకిలే కావాలి అని చెప్పారు ఆటల మాస్టారు. నెల రోజులే గడువు. ఈసారి తప్పితే పిల్లకి కాలేజీ అయిపోతుంది, ఆ తర్వాత పోటీలకి పంపేదెవరు? చీటీ పాడిన డబ్బు చేతిలో పెట్టుకుని, ముందూ వెనకా స్ప్రింగులున్న మెరుపుల బండి బొమ్మ ఫోనులో పట్టుకుని, లావణ్యని వెంటబెట్టుకుని పిన్నిగారి దగ్గరికి వెళ్ళాను.

“ఇదెలా ఉందండీ?”

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చూశారు. “పెళ్ళికొడుకులా ఉందమ్మా. ఈ వెనక స్ప్రింగు ఎందుకో తెలుసా? ఎత్తెక్కేటప్పుడు నీ కూతురు తొక్కిన బలం కొంచెం కొంచెం మింగడానికి. ఖరీదైన బళ్ళ సంగతి వేరు. మన డబ్బుకొచ్చే స్ప్రింగు బరువు తప్ప ఇంకేమీ ఇవ్వదు. ముందొక్కటి చాలు, వెనక గట్టిగా ఉండాలి. ఉన్న డబ్బు ఫ్రేములో పెట్టు. గేర్లూ చక్రాలూ రేపైనా మార్చుకోవచ్చు. ఎముకలు మార్చుకుంటామా?”

షాపు కప్పుకి రెండు అల్యూమినియం ఫ్రేములు వేలాడుతున్నాయి. ఒకటి పెద్దది, నీలం రంగు. రెండోది చిన్నది, దుమ్ము కప్పేసి అసలు రంగేమిటో తెలియడంలేదు. ఆవిడ చిన్నదాన్ని దింపి వేలితో మీటారు, ఖంగుమంది. చేపలు తూచే కొక్కెం కాటాకి తగిలించి చూపించారు. “రెండు కిలోల శీలావతి చేప కూడా లేదు చూడు. ఎవరూ కొనక పడి ఉంది, చవగ్గా ఇచ్చేస్తాను.”

నేనూ ఎత్తి చూశాను. నిజమే, పువ్వులా ఉంది. కానీ నా కన్ను నీలం దాని మీదే ఉంది. “పెద్దదే ఇవ్వండి పిన్నిగారూ. ఎదిగే పిల్ల కదండీ, ఒక సైజు పెద్దది కొంటే నాలుగేళ్ళు వస్తుంది.” లావణ్యకి గౌన్లయినా చెప్పులయినా పుట్టినప్పట్నుంచీ అలాగే కొన్నాను మరి.

“పదిహేడేళ్ళొచ్చాయి. ఇంకా ఎంతవరకు ఎదుగుతుందమ్మా, సెల్ టవరంతా?”

అంటూనే షట్టరు సగానికి దింపారు. లావణ్యని చెప్పులు విప్పించి గోడకి ఆనించి నిలబెట్టి, రెండు కాళ్ళ మధ్యా ఒక పుస్తకం పైకంటా నొక్కిపట్టుకోమన్నారు. పిల్ల సిగ్గుతో మెలికలు తిరిగింది. “ఎందుకే సిగ్గు? లోపలున్నది ముగ్గురం ఆడవాళ్ళమేగా,” అని నేల నుంచి పుస్తకం దాకా టేపు పెట్టి చూశారు. లేచి, “చిన్నదే. పెద్దది నీకు అమ్మను,” అన్నారు.

“డబ్బులిచ్చేది నేనండీ.”

“పడేది ఆ పిల్లమ్మా.”

నాకు కోపం వచ్చింది. చేతిలో డబ్బుండగా కూడా చిన్నదానితో సరిపెట్టుకోమంటున్నారే అనిపించింది. అదే రోజు వేరేచోట ఎవరో వాడి వదిలేసిన పెద్ద బండి కొన్నాను. వెనక స్ప్రింగు లేనిదే కొన్నాను, ఆ ఒక్క మాటా విన్నాను లెండి.

మూడో రోజు సాయంత్రం లావణ్య మోకాళ్ళ దాకా బురదతో బండి నడిపించుకుంటూ వచ్చింది. చెరువు గట్టు మీద ఎదురుగా చేపల మేత ట్రాక్టరు వస్తే ఆగబోయిందట. కాలు నేలకందలేదు. బండితో సహా చెరువులోకి జారింది. మోచెయ్యి చెక్కుకుపోయింది. నేను లబోదిబోమంటుంటే, “ఏం కాలేదమ్మా, నేనే సర్దుకుంటాలే,” అంది.

ఆ మాట నాది. పదేళ్ళప్పుడు మా నాన్న ఎత్తు సైకిలు కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, అడ్డతొక్కుడు తొక్కుతూ పడి, మోకాలు పగిలి ఇంటికొచ్చి మా నాన్నతో అన్న మాట అది. అన్నట్టే సర్దుకున్నాను. సర్దుకోవడమే తొక్కడం అనుకున్నాను ఇన్నేళ్ళూ.

మర్నాడు ఐసు వ్యానులో బండి వేసుకుని తలొంచుకుని ఏలూరు వెళ్ళాం. “చెప్పానా” అంటారని కాచుకుని ఉన్నాను. ఆవిడ లావణ్య మోచెయ్యి తిప్పి చూసి, “పసుపు పెట్టారా దీనికి? ముందు టీ తాగండి,” అన్నారు. అంతే. పెద్ద బండి విప్పేసి, దాని చక్రాలూ గేర్లూ ముందు స్ప్రింగూ ఒక్కొక్కటే చిన్న ఫ్రేముకి బిగించడం మొదలుపెట్టారు. మిగిలిన పెద్ద ఫ్రేము ఎవరైనా పొడుగు కుర్రాడొస్తే అమ్మి ఇస్తానన్నారు.

పనిచేస్తూనే చీర కాస్త ఎత్తి పిక్క మీద పాత మచ్చ చూపించారు. “మా ఆయన బండి చైను కొరికిందమ్మా. నా భుజం దాకా ఉండేది ఆ బండి. ఆయన నిద్రలేవక ముందే కాలవగట్టు మీద అడ్డతొక్కుడు తొక్కేదాన్ని. సైకిలు షాపాయన పెళ్ళాన్ని, షాపు నిండా సైకిళ్ళు, సీటు మీద ఒక్కనాడు కుదురుగా కూర్చోలేదు.”

“మరి ఎవరూ కొనరని తెలిసీ ఈ చిన్నది ఎందుకు తెప్పించారండీ?”

ఆవిడ బిగిసిన బోల్టునే ఇంకోసారి తిప్పారు. “ఎవరో ఒకత్తి వస్తుందిలే అని,” అన్నారు తలెత్తకుండానే. “నా అంత ఎత్తే ఉన్న పిల్ల.”

బండి అప్పగిస్తూ టేపు చుట్టి నా సంచీలో పడేశారు. “ఈసారి ఏదైనా కొనేముందు పిల్లని కొలువు.”

పెదవేగిలో పోటీకి నేనూ వెళ్ళాను. నలుగురిని తీసుకున్నారు, మా లావణ్య నాలుగోది. ఐదో పిల్ల చక్రం దాని వెనకే ఉందట, అంత దగ్గర. గెలుపు కంటే నాకు బయల్దేరే ముందు క్షణం ఎక్కువ గుర్తు. గీత మీద పిల్లలంతా బళ్ళెక్కి ఆగి ఉన్నారు. పెద్ద బళ్ళ వాళ్ళు ఒక కాలి మునివేళ్ళ మీద ఒరిగి ఊగుతున్నారు. మా అమ్మాయి రెండు పాదాలూ ఎర్రమట్టి మీద పూర్తిగా ఆనించి నిలబడి, ఈల కోసం చూస్తోంది. ఆ మాట చెప్పినప్పుడు పిన్నిగారు, “ఆయ్, రెండు పాదాలూనా?” అని మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకున్నారు.

ఇప్పుడు షెడ్డులో ఆడవాళ్ళ మీద నన్ను మేస్త్రీగా పెట్టారు. అందరికీ ఒకే కొలత రబ్బరు బూట్లు వచ్చేవి, మగవాళ్ళవి. లోపల గుడ్డలు కుక్కుకుని ఐసునీళ్ళలో జారుతూ నడిచేవాళ్ళం. యజమానితో పోట్లాడి చిన్నవి తెప్పిస్తున్నాను. ఈ రోజు వచ్చిన అమ్మాయి కూడా, “ఏదో ఒకటి ఇవ్వండత్తా, నేనే సర్దుకుంటాలెండి,” అంది. దాన్ని బల్ల మీద కూర్చోబెట్టి, పాదం ఒళ్ళో పెట్టుకుని, గ్రీజు మరకల మధ్య అంకె వెతుక్కుని కొలిచాను.

ఇంత సేపూ విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట్లో పిల్లలకి తమ కొలతకి సరిపోయేవే దొరకాలి. మీ ఇంటిల్లిపాదీ ఎక్కడ ఆగినా రెండు పాదాలూ నేలకందాలి.