అడ్డకడ్డీ లేని సైకిలు

మా నాయన సైకిలు రిపేరు అంగడిలో ఒకటే శాస్త్రం: బాగుచేసినవాడే మొదటి రౌండు తొక్కాల. తొక్కి వచ్చి "సరిగా ఉండాది" అన్నాకే సైకిలు గిరాకీ చేతికి. నగర్తపేట సందులోని ఆ అంగడి ఇప్పుడు నాది. శాస్త్రమూ నాదే. ఆ రౌండ్లలో పడిన దెబ్బల మచ్చలూ నావే.

అక్క ఆ అంగడిలోనే పెరిగింది. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచితే బుడగ ఎక్కడ లేస్తుందో నాకంటే ముందే చూపించేది. తొక్కడం మాత్రం ఎప్పుడూ లేదు. మా నల్ల సైకిళ్లన్నిటికీ నడుమ అడ్డకడ్డీ, అక్కకు పాదాల దాకా లంగా. అప్పుడప్పుడు ఆడవాళ్ల సైకిలు రిపేరుకు వచ్చేది గాని, దాన్ని బాగుచేసేది నాయన, లేదంటే నేను. కాబట్టి రౌండు మాదే. "నాకో రౌండు" అని అక్క అడిగితే "చూద్దాం లేమ్మా" అనేవాడు నాయన. ఆ చూడడం నలభై ఏండ్లు నడిచింది, సైకిలు నడవలేదు.

టీచరు ఉద్యోగం నుంచి రిటైరైన తర్వాతి ఆదివారం పొద్దున్నే అక్క ఫోను చేసింది. "మెట్రో స్టేషను పక్కన బాడుగ సైకిళ్లు పెట్టినారు. నడుమ కడ్డీ లేదు. నేను తొక్కాల. వచ్చి పట్టుకో. ఈపొద్దు కాకుంటే ఇంకెప్పుడూ అడగను."

పంపు, స్పానర్లు సంచిలో వేసుకుని వెళ్లాను. అక్క ఫోనుతో తాళం తీసింది. నేను డాక్టరులా సైకిలు చుట్టూ తిరిగాను. టైరు నొక్కాను, అణగలేదు. గాలి కొట్టే వాల్వు కోసం వెతికాను, లేదు. అంతా గట్టి రబ్బరు, పక్కలంతా జల్లెడలా చిల్లులు. చిల్లులు మూసి బతికినవాడి ముందు చిల్లులతోనే పుట్టిన టైరు! స్పోకులు మీటి శబ్దం విందామంటే వాటి చోట ఐదు లావాటి రెక్కలు. చైను పెట్టెలో దాక్కుంది. బోల్టుల తలలు నా స్పానరు ఏనాడూ చూడని ఆకారం. ఈ సైకిలు బొమ్మ గీసినవాడికి నామీద పాత కక్ష ఏదో ఉండాలి.

"గాలి లేని టైరును నమ్మకూడదక్కా."

"ఆ గాలంతా నీ మాటల్లోనే ఉండాది గదప్పా. జరుగు, ఎక్కుతా."

"ఉండు, మొదట నేనొక రౌండు..."

అక్క మొహం ముడుచుకుంది. చిన్నప్పుడు అంగడి గడపలో చూసిన మొహమే. "నువ్వేం బాగుచేసినావని?" అంది. నేను వినపడనట్టు ఎడమకాలు పెడలు మీద పెట్టి, రెండడుగులు ఉరికి, కుడికాలు సీటు వెనకనుంచి గుర్రమెక్కినట్టు విసిరాను. నా కాలికి పెద్ద సైకిలు ఎత్తు అలవాటు. ఇదేమో చిన్న చక్రాలది, సీటు నా నడుముకు చాలా కింద ఉంది. కాలు అటు దాటింది. కాలి వెంబడే నేనూ దాటాను. తేలింది ఇస్త్రీ బండి ముందు. సైకిలుకేం కాలేదు కదా అని ఇస్త్రీ చేసే ఆమె కన్నడంలో పరామర్శించింది.

అక్క పెదవి కొరుక్కుంటూ సైకిలును లేపింది. హ్యాండిలు పక్కకు తిరిగిపోయింది. ముందు చక్రాన్ని మోకాళ్ల నడుమ బిగించి, హ్యాండిలు రెండు చేతులా పట్టి, ఒక్క తిప్పు. అచ్చం నాయనే. హ్యాండిలు నేరుగా వచ్చింది.

"బాగుచేసింది ఎవరప్పా?"

మోకాలు తడుముకుంటూ "నువ్వే" అన్నాను.

"అయితే రౌండు ఎవరిది?"

నాయన శాస్త్రానికి ఎదురు చెప్పే ధైర్యం నాకు ఏనాడూ లేదు. అక్క సీటు దించి, కుచ్చిళ్లు పైకి దోపుకుని, గడప దాటినంత సులువుగా ఆ వంగిన ఫ్రేములోకి అడుగుపెట్టింది. మొదట కాళ్లతో నేలను తోసుకుంటూ కదిలింది. తర్వాత రెండు పెడళ్లు, మళ్లీ నేల. మూడు పెడళ్లు, మళ్లీ నేల. నేను సీటు పట్టుకుని కుంటుతున్నాను.

"అక్కా, నిదానం. మోకాలు నొస్తాంది, పట్టుకోలేను."

"మంచిదాయె, ఇడ్సు."

విడిచాను. వంకర్లు తిరుగుతూ సందు చివరి కానుగ చెట్టుదాకా పోయింది. తిప్పడం ఇంకా రాదు గనక అక్కడ దిగి, సైకిలును చేత్తో తిప్పుకుని, మళ్లీ ఎక్కి వచ్చింది. వచ్చి, నాయన గొంతుతో చెప్పింది: "సరిగా ఉండాది."

ఇంక గిరాకీకి ఇవ్వాలి కదా, నేను చేయి చాచాను.

"నీకు కాదప్పా, గిరాకీ నేనే," అని మళ్లీ ఎక్కింది.