నీళ్లు తాగిన రాయి

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో అలంకరణ సామాన్ల దుకాణంలో నున్నటి పచ్చరాయి ఒకటి చేతికి తగిలింది. మైనం పూసినట్టు జారుతూ, చల్లగా ఉంది. ఒంటినిండా పాము పొలుసుల్లాంటి నల్లని గీతలు. ఎందుకు పట్టుకుని నిలబడ్డానో తెలియకుండానే చాలాసేపు నిలబడ్డాను. అలాంటి రాయిని మొదటిసారి నా అరచేతిలో పెట్టింది వసుంధర మేడమ్.

ఆమె మా డిగ్రీ కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పేవారు. పుట్టింది కడప వైపు, పెళ్లయి ఎల్‌బీ నగర్ వచ్చారు. మాది నల్గొండ పల్లె నుంచి వచ్చి మీర్‌పేట్‌లో ఉంటున్న కుటుంబం. "ఇది సర్పెంటైన్. భూమి లోపల నల్లటి గట్టిరాయి పగుళ్లలోకి వేడినీళ్లు దిగి, లక్షల ఏళ్లకు ఇట్లా మారింది" అన్నారు మేడమ్ ఒకరోజు క్లాసులో, రాయిని నా చేతిలో పెట్టి.

"రాయి నీళ్లు తాగుతదా మేడమ్?" అన్నాను. క్లాసంతా నవ్వింది.

"తాగుతాది స్వరూపా. తాగి ఉబ్బుతాది, మెత్తబడతాది. అందుకే సానపడితే ఇంత నునుపు."

"గట్లయితే అది పాత రాయా, కొత్త రాయా?"

ఆమె రాయిని అటూ ఇటూ తిప్పి చూశారు. "నాకూ తెల్దు."

తెలంగాణ ఉద్యమం రోజులవి. ఒక బంద్ నాడు కాలేజీ గేటు ముందు రోడ్డు మీద కూర్చున్నాం. మేడమ్ రాగానే మాలో ఒకడు "మీ ఊరికి మీరు పోండ్రి" అని అరిచాడు. ఆమె వెనుదిరిగారు. అంతలో పోలీసులు లాఠీలతో దిగారు. ఆమె గబగబా తిరిగివచ్చి మా మధ్య చతికిలబడ్డారు.

"క్లాసు జరుగుతా ఉంది సార్."

"రోడ్డు మీద ఏం క్లాసు?" అన్నాడు అధికారి.

"రాళ్ల క్లాసు."

"రాళ్లా?" అతను ఉలిక్కిపడ్డాడు. ఆమె సంచిలోంచి ఆ పచ్చరాయి తీసి అందించారు. అతను బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయాడు. "మస్తుగుంది" అని తిరిగిచ్చి, "జర జల్ది లేవండి" అన్నాడు. దెబ్బలు పడలేదు.

ఇంటికి వెళ్లే దారిలో ఆమెను అడిగాను: "తెలంగాణ రావాలని మీకున్నదా మేడమ్?"

"లేదమ్మా. వస్తే మా గతేందోనని భయం."

"మరెందుకు కూసున్నరు?"

"ఏమో. కాళ్లు ఇటే వచ్చినాయి."

రాష్ట్రం వచ్చాక వాళ్లింటికి వెళ్తే వేరేవాళ్లు కిరాయికి ఉన్నారు. కడప పోయారని ఒకరు, అల్మాస్‌గూడలో ఇల్లు కట్టుకున్నారని ఇంకొకరు అన్నారు. అల్మాస్‌గూడ అంతా తిరిగాను. దొరకలేదు. ఆమె మా మనిషా, కాదా అన్నది నాకిప్పటికీ తేలలేదు.

ఇప్పుడు నేనూ అబ్దుల్లాపూర్‌మెట్‌లో టీచర్‌ని. నిరుడు బిహార్ నుంచి వచ్చిన కూలీల పాప పక్కన ఎవరూ కూర్చోలేదు. నేనే వెళ్లి ఆ బెంచీ మీద కూర్చుని, అక్కడి నుంచే పాఠం మొదలుపెట్టాను.