శిబిరంలో చెప్పని లెక్కలు

మొన్న మహబూబాబాద్‌లో మేము విశ్రాంత ఉపాధ్యాయులం కొందరం కలిసినప్పుడు మాట తెలంగాణ ఉద్యమం మీదికి మళ్లింది, రోడ్డు మీద వంటావార్పు చేసిన రోజులను ఒక్కొక్కరు మురిసిపోతూ చెబుతుంటే నేను మాత్రం చాయ్ చల్లారేదాకా కప్పు పట్టుకొని కూర్చుండిపోయాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి డైరీ రాసేవాణ్ణని తెలుసు కనుక తేదీలు అడిగారు, చెప్పాను. మిగతాది చెప్పలేదు.

అప్పుడు నేను దంతాలపల్లి దగ్గర ఒక బడిలో పనిచేసేవాణ్ణి. చదువు మానేసిన ఆడపిల్లలను మళ్లీ తరగతిలో కలపడానికి మా బడిలోనే ఒక గదిలో పాఠాలు నడిచేవి, ఆ బాధ్యత నాది. పక్క తండా నుంచి పద్నాలుగేళ్ల లంబాడా పిల్ల ఒకతె వచ్చేది. తమ్ముణ్ణి చూసుకోవడానికి ఐదో తరగతిలో బడి మానిన ఆ పిల్ల, ఇంటి భాష వేరైనా తెలుగు వాచకం చకచకా చదివేది, లెక్కల్లో భాగహారాల దాకా వచ్చింది. ఆమెను పంపమని తండ్రిని ఒప్పించడానికి తండాకు ఎన్నిసార్లు తిరిగానో. చివరికి ఆయన ఒక షరతు మీద ఒప్పుకున్నాడు: బడి నడిచినన్నాళ్లు పంపుతాడు, ఖాళీగా కనబడిందా, చేనుకు తీసుకుపోతాడు.

అంతలో సమ్మె వచ్చింది. మన ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆఫీసులు, బస్సులు, బళ్లు అన్నీ మూతపడి, తెల్లవారితే సమ్మె శిబిరమే ఇల్లన్నట్టుండేది. సమ్మె చేసినందుకు నాకు ఈనాటికీ విచారం లేదు. అయితే పిల్లలకు పాఠం చెప్పే వాలంటీరు, మా ఊరి కోడలే, ఒకరోజు శిబిరంలో నా దగ్గరికొచ్చింది.

"సార్, బడి తెరవద్దంటే వద్దు. గీ టెంటు కిందనే ఓ మూలకు కూసోబెట్టి చెప్త. లేకుంటే పిల్లలు చెదిరిపోతరు."

వద్దన్నాను. సమ్మెలో కూర్చొని పాఠం చెబితే మా పట్టు సడలిందనుకుంటారని, నియమమంటే నియమమేనని అన్నాను. బదులుగా పిల్లలను వంటావార్పుకు రమ్మన్నాను.

ఆ పిల్ల పుస్తకాల సంచీ భుజాన వేసుకొనే వచ్చింది. రాళ్ల పొయ్యి పక్కన ఉల్లిగడ్డలు కోస్తూ అడిగింది.

"సార్, గిది అయినంక లెక్కలు చెప్తరా?"

"తెలంగాణ రానీ బిడ్డా, గప్పుడు సదువులన్నీ మీయే."

"గప్పటిదాంక మా బాపు ఆగడు సార్."

అందరం గొల్లున నవ్వాం. "మీ బాపును గూడ టెంటు కింద కూసోబెడుదాం తియ్" అన్నాడు మా హెడ్మాస్టరు. ఆమె నవ్వలేదు. కళ్లు తుడుచుకుంటే ఉల్లిగడ్డల ఘాటనుకున్నాను.

సమ్మె ముగిసి గది తలుపు తీసేసరికి పత్తి ఏరడం ముమ్మరంగా సాగుతోంది. తండాకు పోతే ఆమె తండ్రి కోపపడలేదు, మంచం వాల్చి మంచినీళ్లిచ్చాడు.

"బడి బందని మీరే అంటిరి గద సారూ. పత్తి ఆగుతదా?"

చేనుకు పోయాను. వచ్చే ఏడు వస్తానని ఆ పిల్ల సాళ్ల మధ్య నుంచే అంది. పత్తి తర్వాత మిరప ఏరడానికి ఇంటిల్లిపాదీ ఖమ్మం వైపు పోయారు, ఆమె మళ్లీ బడికి రాలేదు. తప్పిపోయిన పాఠాలను మేము ఆదివారాలు కూడా బడి నడిపి పూర్తి చేశాం, బడిలో మిగిలిన పిల్లలకు.

రాష్ట్రం వచ్చింది. ఆ తండా ఇప్పుడు తనకు తానే ఒక పంచాయతీ. సెలవులకు ఆడపిల్లలు గురుకులాల నుంచి పెట్టెలతో బస్సు దిగుతుంటే కడుపు నిండినట్టే ఉంటుంది, మేము కోరుకున్నది ఇదే కదా అనిపిస్తుంది. వాళ్లను తీసుకుపోవడానికి వచ్చిన తల్లుల్లో ఆమె ఉందేమోనని ఒక్కొక్క ముఖమే చూస్తాను. ఉంటే మాత్రం నన్ను గుర్తుపట్టకూడదనుకుంటాను.