పెద్దమ్మ గది అద్దె

లిఫ్టు తాడుకు చెవి ఆనిస్తే చాలు, పై అంతస్తులో ఎవరింట్లో పాలు పొంగుతున్నాయో చెప్పేయగల మెకానిక్ అతను. ఒకసారి రెండంతస్తుల మధ్య ఇరుక్కున్న పెళ్ళివారినందరినీ, వంటపాత్రలతో సహా, ఒక్క స్క్రూడ్రైవరుతో కిందికి దించాడు. పెళ్ళివారు ఆ స్క్రూడ్రైవరుతో ఫొటో దిగారంటారు. ఇందులో సగం కోసేసినా మిగతా సగం ఆ వీధిలో ఇంకెవరికీ లేని గొప్పే. అంతటివాడూ బొటనవేలంత మనుషుల చేతిలో చిత్తయిపోయాడు.

ఆ మనుషులు కంప్యూటర్లో ఉంటారు. కొండను తొలిచి ఊరు కట్టుకునే పొట్టివాళ్ళ ఆట అది. భార్యాభర్తలిద్దరూ పని నుంచి వచ్చాక పక్కపక్కన కూర్చుని ఆడేవారు. గోడలు, బావులు, మెట్లు అతనివి. మనుషులు ఆమెవాళ్ళు. ఆ ఊళ్ళో మొదటి బావి తవ్విన ముసలావిడకి 'పెద్దమ్మ' అని పేరు పెట్టింది కూడా ఆమే. ఇప్పుడు పెద్దమ్మకు చూపు ఆనదు, పారా ఎత్తలేదు. తన గదిలో పొయ్యి పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడమే ఆమె ఉద్యోగం.

చెల్లెలి కాన్పుకని బయల్దేరుతూ భార్య గుమ్మంలో ఆగింది.

"ఇల్లు తగలబడినా ఫర్వాలేదు. నేనొచ్చేసరికి పెద్దమ్మ బతికుండాలి."

"నన్ను ఏమనుకున్నావే నువ్వు?"

"ఏమనుకున్నానో చెప్తే బస్సు వెళ్ళిపోతుంది."

అప్పటిదాకా ఆ కొండ ఊళ్ళో డబ్బు అన్నది లేదు. ఎవరి పని వాళ్ళు చేసేవారు, ఆకలేస్తే ఉమ్మడి కొట్టులో గిన్నె నింపుకునేవారు. భార్య వెళ్ళిన సాయంత్రమే మన మెకానిక్ కంటికి, కట్టదగిన వాటి వరసలో ఒక మూల, నాణేలు అచ్చేసే టంకశాల కనబడింది. బొమ్మ ముద్దుగా ఉంది, పైన చిన్న పొగగొట్టం. కట్టేశాడు. వెంటనే తెర మీద అక్షరాలు పడ్డాయి: 'ఇకపై మీ ప్రజలు దేన్నీ ఊరికే తీసుకోరు, ఊరికే ఇవ్వరు. దీన్ని వెనక్కి తిప్పడం కుదరదు.'

కట్టకముందు చెప్పాల్సిన మాట కట్టాక చెప్పడం ఏం పద్ధతో అతనికి అర్థం కాలేదు. అర్థం కానివాటిలో అది మొదటిది మాత్రమే.

మర్నాడు పొట్టివాళ్ళందరికీ నడుముకు సంచులు వచ్చాయి. పనికి జీతం, పుట్టగొడుగుల సూపుకి వెల, గదికి అద్దె. మోతగాడొకడు ఒకే రాయిని తూర్పు నుంచి పడమరకి, పడమర నుంచి తూర్పుకి మోస్తూ రెండు వైపులా కూలి తీసుకున్నాడు. బంగారం తవ్వేవాడు నాణేల గుట్ట మీద పక్క వేసుకుని, దిగితే ఎవరైనా ఎత్తుకుపోతారని తిండికి కూడా దిగడం మానేశాడు. ఊరంతటికీ ధనవంతుడు, ఊరంతట్లోకీ బక్కవాడు.

పని చేయని పెద్దమ్మ సంచిలో మాత్రం ఏమీ పడలేదు. ఆమె గది మీద ఎర్రబొమ్మ వెలిగింది: 'అద్దె బాకీ. మొదటి మంచుకి ఖాళీ చేయించబడును.' మంచులో బయట పడుకున్న పొట్టివాడు బతకడని అతనికి తెలుసు. ఖజానా నిండా నాణేలున్నాయి. ఊరికి రాజు తనే. అయినా ఆమె చేతిలో ఒక్క నాణెం పెట్టే మీట ఎక్కడా లేదు. జీతంగా ఇవ్వొచ్చు, లేదా ఏదైనా కొని ఇవ్వొచ్చు. సరే, కొన్నాడు. ఖజానా డబ్బుతో ఆమె కుర్చీ కొన్నాడు, దుప్పటి కొన్నాడు, కూజా కొన్నాడు. పెద్దమ్మ సంచి నిండింది, గది బోసిపోయింది. ఆవిడ నేల మీద కూర్చుంది. ఆవిడ సంచి బరువు చూసి వంటవాడు సూపు ధర పెంచేశాడు. సాయంత్రానికి సంచీ లేదు, కుర్చీ లేదు.

అప్పుడు వాళ్ళతోనే ఉంటున్న మామగారు రంగంలోకి దిగారు. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. మనిషి మెట్టెక్కే తీరు చూసి జేబులో చిల్లర ఉందో లేదో పోల్చేవాణ్ణని చెబుతారు.

"నీ ఊళ్ళో డబ్బు ఆడటం లేదు అల్లుడూ. అందరికీ జీతం పెంచేయ్."

"ముసలావిడకి జీతమే లేదు కదా మామయ్యా."

"అందరి చేతుల్లో ఆడితే ఆవిడ చేతిలో రాలకపోదయ్యా."

పెంచాడు. రాలింది లేదు. సూపు ధర కొండెక్కింది.

"అయితే తగ్గించు," అన్నారాయన, కళ్ళజోడు తుడుచుకుంటూ.

తగ్గించాడు. తవ్వేవాళ్ళు పారలు పడేసి కూర్చున్నారు. ద్వారం దగ్గర కాపలావాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"మీ బస్సులో ఎప్పుడైనా ఇలా అయిందా?"

"మా బస్సులో టికెట్టు ధర అచ్చేసి ఉండేదయ్యా. ఎవడి జేబు చూసి వాడికో రేటు చెప్పలేదు మేం," అని ఆయన టీ చల్లారిపోతోందని వెళ్ళిపోయారు.

అదే సమయానికి భార్య ఫోను.

"పెద్దమ్మ ఏం చేస్తోంది?"

"కూర్చుంది."

"కుర్చీలోనేనా?"

"నేల చల్లగా హాయిగా ఉంటుందని..."

"డబ్బు పెట్టారా ఊళ్ళో?"

"కొంచెం."

"కొంచెం ఏవిటండీ, ఉప్పా?"

అతను ఆట ఆపేసి పనికి పోయాడు. ఆగి ఉన్నంతసేపూ అక్కడ మంచు పడదు, అదొక్కటే ధైర్యం.

ఆ రోజు ఒక పాత మేడలో లిఫ్టు గుంతలోకి దిగి తీగలకి నూనె పెడుతున్నాడు. పైన, ఇళ్ళ పన్ను కోసం టేపు పట్టుకుని కొలతలు తీసుకునే మనిషొకడు మేడ కార్యదర్శితో వాదిస్తున్నాడు.

"ఇంత చోటు ఉంది కదండీ, ఇది ఎవరి లెక్కలో రాయను?"

"ఎవరి లెక్కలోనూ రాయరు. అది గది కాదు స్వామీ, దారి. మనుషులు పోయే దారికి అద్దె ఎవరు కడతారు?"

గుంతలో ఉన్నవాడి చేతిలోంచి నూనెడబ్బా జారింది.

ఇంటికి రాగానే చొక్కా మీద మరకలతోనే కూర్చున్నాడు. ఖజానాలో మిగిలిందంతా కూలిగా పోసి పెద్దమ్మ గది తూర్పు గోడ పగలగొట్టించాడు, పడమటి గోడా పగలగొట్టించాడు. ఒకవైపు వంటశాల, మరోవైపు గని. ఎర్రబొమ్మ రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది. గది పేరు పోయి 'దారి' అని పడింది. మంచు కురిసింది. ఎవరూ ఎవరినీ ఖాళీ చేయించలేదు. పొయ్యి వెలుగుతూనే ఉంది, పెద్దమ్మ పక్కనే కూర్చునే ఉంది.

మరి తిండి? దానికి అతనేమీ చేయలేదు, నిజానికి. వంటశాల నుంచి సూపు తీసుకుని గనికి పోయేవాళ్ళు చలికి ఆ పొయ్యి దగ్గర ఆగడం మొదలెట్టారు. ఆగి, చేతులు కాచుకోవడానికి గిన్నె కింద పెట్టారు. తెర మీద పడింది: 'దారిలో పెట్టిన వస్తువు. యజమాని లేరు.' యజమాని లేని సూపుకి వెల ఉండదట. పెద్దమ్మ తాగేసింది. గిన్నెవాడు దిక్కులు చూసి, ఇంకొకడు కింద పెట్టిన రొట్టె తీసుకున్నాడు. రొట్టెవాడు మోతగాడి దుప్పటి కప్పుకున్నాడు. ఆకలికి తాళలేక బంగారం తవ్వేవాడు గుట్ట దిగి, మూటలన్నీ మోసుకుంటూ వచ్చి, వేళ్ళు కొంకర్లు పోతుంటే అక్కడే దించాడు. మూటలు ఎవరివీ కాకుండా పోయాయి. వాటిని ఎవరూ ముట్టలేదు కూడా, వాటి మీద కూర్చుని సూపు తాగారు.

మామగారు వచ్చి వంగి చూశారు. "ఇంతకీ డబ్బు ఉన్నట్టా లేనట్టా?"

"ఉంది మామయ్యా. అదిగో, కూర్చున్నారుగా దాని మీద."

"ఖజానాలో?"

"సున్నా."

"మరి జీతాలు?"

"అడగడం లేదు. ఎందుకో తెలీదు."

ఆయన వేళ్ళ మీద లెక్క మొదలెట్టి, చూపుడువేలు దగ్గరే ఆగిపోయారు.

ఫోను మోగింది.

"బతికుందా?" అంది భార్య. వెనకాల పసిబిడ్డ ఏడుపు.

"బతికుంది."

"నిజం చెప్పండి. ఎలా?"

"అదేంటంటే, గదికి అద్దె ఉంటుంది గానీ దారికి ఉండదు. అందుకని గోడ తీసేస్తే సూపుకి యజమాని..." ఇక్కడికి వచ్చి వాక్యం చేతిలోంచి జారిపోయింది. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఈసారి బంగారంవాడి దాకా వెళ్ళి అక్కడ దారి తప్పాడు. "నాకే సరిగ్గా తెలీదే. నువ్వొచ్చి చూడు."

"అయితే ఒక పని చేయండి. నేనొచ్చేదాకా దేన్నీ ముట్టుకోకండి."

అతను మౌసు మీంచి చెయ్యి తీసి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. తెర మీద కాపలావాడు ద్వారం వదిలేసి దారిలోకి వచ్చాడు, ఈటె కింద పెట్టాడు, పెద్దమ్మ పక్కన చోటు చూసుకున్నాడు.