‘మొదలు’ అని రాసిన బటన్

పోయిన ఏడాది కార్తీకమాసంలో రెండో ఆదివారం, ఉదయం ఆరున్నర దాటి నాలుగు నిమిషాలు. టైము ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నానంటే, దాన్ని నోటుబుక్కులో రాసింది నేనే. ఆ రోజు రాయడం తప్ప నాకు వేరే దారి లేదు. ముందురోజు నంద్యాలలో దవడపన్ను పీకించుకున్నాను. కుట్లేసి, దూది కుక్కి, ఎల్లుండిదాకా నోరు తెరవొద్దన్నాడు డాక్టరు. మూతికి అడ్డంగా గుడ్డ కట్టుకుని, ఆళ్లగడ్డ దగ్గర ఒక వెంచర్ రోడ్డు మీద నిలబడ్డాను. ప్లాట్లకు రాళ్లు పాతారు, తారురోడ్డు వేశారు, ఇళ్లు మాత్రం ఒక్కటీ లేవు. దాని యజమాని మా మరిదికి తెలిసినవాడు. గేటు వేసుకుని కారు తోలుకోమన్నాడు.

మా మరిదికి యాభై నిండాయి. నేను కాపురానికి వచ్చేనాటికి చొక్కా లేకుండా తిరిగేవాడు కాబట్టి ‘వాడు’ అనే అంటాను. మోకాళ్ల నొప్పులని అహోబిలం మెట్లు ఎక్కడు, కారు క్లచ్చి మాత్రం పూటకు నలభైసార్లు తొక్కుతాడు. వాడి పిచ్చి డ్రాగ్ రేసు. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. పసుపు లైట్లు వెలుగుతాయి, అర సెకను కూడా కాకముందే పచ్చలైటు పడుతుంది, ఇద్దరూ సూటిగా దూకుతారు. పచ్చలైటు పడ్డాక కారు బయలుదేరే గీత దాటడానికి ఎంతసేపు పట్టిందో మిషను చెబుతుంది. లైటు కంటే ముందే దాటితే ఎర్రలైటు పడుతుంది. ఇక ఇంటికే.

కారులో లాంచ్ లిమిటర్ అని ఒకటుంది. క్లచ్చి తొక్కి యాక్సిలరేటరు పూర్తిగా అదిమినా, ఇంజను చుట్లు ఒక అంకె దాటకుండా అదే పట్టి ఉంచుతుంది. పాలు పితికేముందు దూడను పలుపుతో ఆపినట్టు. ఆ అంకె మరీ తగ్గితే కారు నీలిగి నీలిగి కదులుతుంది. మరీ పెరిగితే టైర్లు ఉన్నచోటే తిరుగుతాయి. సరైన అంకె పట్టుకోవడానికే ఆళ్లగడ్డ మెకానిక్ అప్పటికి మూడు నెలలుగా ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నాడు.

చిత్రం ఏమిటంటే, మా రోడ్డు మీద మరిది ప్రతిసారీ ఒకే టైముకు గీత దాటేవాడు. గడియారం పెట్టుకున్నట్టే. బయట పోటీకి వెళితే మాత్రం ఒకసారి లేటు, ఒకసారి ఎర్రలైటు. రెండు పోటీలు అలాగే పోయాయి. దాంతో నా తోడికోడలు, అంటే వాడి పెళ్లాం, ఒక ఒప్పందం పెట్టింది. ఆ పై ఆదివారం జరిగే పోటీలో కూడా లైటు దగ్గరే ఓడిపోతే కారు అమ్మేయాలి, షెడ్డు ఖాళీ చేసి ఆమె కుట్టుమిషన్లకు ఇవ్వాలి. వాడు సరేనన్నాడు గానీ, ఆ రోజు నుంచి అన్నం సరిగ్గా తినలేదు.

నా పని రెండు రకాలు. మిషను చూపిన అంకె రాయడం, లైట్ల పెట్టె పక్కన నిలబడి పసుపు లైట్లు వెలిగేలా బటన్ నొక్కడం. పెట్టె మీద రెండు బటన్లు. ‘స్టార్ట్’, ‘స్టాప్’ అని ఇంగ్లీషులో ఉండేవి. నాకు ఆ రెండూ ఒకేలా కనిపించి ఒకటికి రెండుసార్లు తప్పు నొక్కాను. అప్పుడు ప్లాస్టరు అంటించి ‘మొదలు’, ‘ఆపు’ అని నేనే రాసుకున్నాను. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై ఎనిమిదో ఏట. ఇప్పటికీ కంటపడ్డ మాటను నోట్లో అనుకోనిదే ముందుకు పోలేను.

“ఈరోజు వొదిన మాట్లాడదంట. ఇంజను సౌండ్ ఇంత బాగా ఎప్పుడూ వినపడలే” అన్నాడు మరిది, హెల్మెట్ పెట్టుకుంటూ.

“ఆ డాక్టరు చేతికి కడియం తొడగాల” అంది తోడికోడలు.

నేను నోటుబుక్కులో ‘సోమవారం వస్తుంది’ అని రాసి ఇద్దరికీ చూపించాను.

మొదటిసారి దూకాడు. లేటు. రెండోసారి ఇంకా లేటు. మూడోసారి ఎర్రలైటు. మెకానిక్ లిమిటర్ మూడు వందల చుట్లు పెంచాడు. టైర్లు పొగలు కక్కాయి. నాలుగు వందలు తగ్గించాడు. మళ్లీ లేటు. నేను రాసిన అంకెలు ఒకదాని పక్కన ఒకటి నిలబడడానికి ఒప్పుకోలేదు.

“ఏందప్పా ఇది, పోయిన వారం ఇదే సెట్టింగులో బంగారంలా పాయె కదా” అన్నాడు మెకానిక్.

“కుట్టుమిషన్లు యాడ పెట్టాలో కొలతలు తీసుకుంటా” అంది తోడికోడలు.

మరిది హెల్మెట్ తీసేశాడు. ముఖం పాలిపోయి ఉంది. “ఏమోప్పా, ఈరోజు తట్టడంలే నాకు. వొదిన నోరు కనపడటంలే.”

మెకానిక్ ల్యాప్‌టాప్ మూసేశాడు. “నోరా? నువ్వు సూడాల్సింది లైటా, పెద్దమ్మ నోరా?”

“లైటే సూస్తాండా. పక్కనే ఉంటాది కదా, అది గూడా కనపడతాది” అన్నాడు వాడు, మెల్లగా.

గుడ్డ తీసి బటన్ నొక్కమన్నారు నన్ను. దూది పళ్లమధ్య ఉన్నా పెదాలు మాత్రం కదిలాయి. ‘మొ’కు కలిసి విడిపోయాయి, ‘ద’కు తెరుచుకున్నాయి, ‘లు’కు ముందుకు వచ్చాయి. వేలు ‘లు’ దగ్గరే నొక్కింది, ఆ క్షణానే కారు దూకింది. మూడు నెలలుగా మా మరిది లైటు చూసి కాదు, నా ‘లు’ చూసి దూకుతున్నాడు. లిమిటర్ని కూడా ఆ ‘లు’కు సరిపోయేట్టే దిద్దారు. పోటీలో ఎవరి నోరు చూసేది?

తోడికోడలు రోడ్డు మీదే కూర్చుని నవ్వింది. “అక్కా, నీ నోటికి ఇంత బలముండేది తెలియకపాయె.” నాకూ నవ్వొచ్చింది, కుట్లు నొప్పెట్టి ఆపుకున్నాను. నవ్వనిది మరిది ఒక్కడే.

బటన్ పెట్టెకు పొడుగు వైరు తగిలించి, నన్ను కారు వెనక్కి పంపారు. మెకానిక్ లిమిటర్ ముట్టుకోలేదు. “ముందు మనిషి కుదురుకోవాల అన్నా. తర్వాత బండి సంగతి” అన్నాడు. పదిహేనుసార్లు దూకించాడు. ఎండ ఎక్కేసరికి అంకెలు దగ్గరపడ్డాయి. లేటే, కానీ అన్నీ ఒకే లేటు. అప్పుడు చుట్లు రెండు వందలు పెంచాడు. అంకెలన్నీ కలిసి ఒక మెట్టు దిగాయి. ఇంకో రెండు వందలకు ఇంకో మెట్టు. ఆ తర్వాత రెండు వందలకు టైర్లు తిరిగాయి, వెనక్కి వచ్చి అక్కడే ఆపాడు.

తర్వాతి ఆదివారం మరిది మొదటి రౌండు గెలిచాడు. రెండో రౌండులో ఓడాడు, లైటు దగ్గర కాదు, మూడో గేరు పడక. ఒప్పందంలో ఉన్నది లైటు మాటే కాబట్టి కారు షెడ్డులోనే ఉంది. కుట్టుమిషన్లు నా వరండాలోకి వచ్చాయి.

ఆ కార్తీక ఆదివారం వెంచర్ రోడ్డు మీద ఉన్నది నలుగురం: స్టీరింగు పట్టుకుని మా మరిది, ల్యాప్‌టాప్‌తో ఆళ్లగడ్డ మెకానిక్, రోడ్డంచున నా తోడికోడలు, కారు వెనక నేను.