శ్వేతసౌధం మెట్లెక్కని ఓపల్

ఓపల్ రిగ్స్‌బీ పేరెత్తితే మా ఊళ్ళో అందరూ ముందు ఆమె చేసే బంగాళాదుంపల సలాడ్ గురించే మాట్లాడతారు. నాకు ఒళ్ళు మండుతుంది. సలాడ్ బాగుంటుంది, కాదనను, నేనూ రెండోసారి వడ్డించుకుంటాను. కానీ ఇన్నేళ్ళు మన మధ్య తిరిగిన మనిషిని ఒక గిన్నెతో సరిపెట్టేస్తే ఎలా?

మాది ఒహాయో నది ఒడ్డున చిన్న ఊరు. మా ఒహాయో రాష్ట్రం నుంచి అమెరికా అధ్యక్షులుగా చాలామందే వెళ్ళారు కనుక వాళ్ళ భార్యల మీద మాకు పుట్టింటివాళ్ళకుండే అభిమానం ఉంది. ఏటా మే నెలలో మా మహిళా క్లబ్బు ఫైర్ స్టేషన్ హాల్లో ప్రథమ మహిళల సభ పెడుతుంది. ఫైరింజన్లను బయట నిలబెట్టి లోపల వేదిక కడతారు. ఆ వేదికే ఆ పూటకు శ్వేతసౌధం. దాని మీద మేమంతా తలా ఒక ప్రథమ మహిళ వేషంలో పాత గౌన్లు, టోపీలు వేసుకుని కుర్చీల్లో కూర్చుంటాం. ఎవరూ పాఠం అప్పజెప్పరు. జనం ఏది అడిగితే దానికి ఆ మహాతల్లే అయిపోయి జవాబు చెప్పాలి. ఒకసారి ఒక వేషం చేతికొస్తే, మనంతట మనం వదులుకునేదాకా అది మనదే.

నాకు దక్కింది లూసీ హేస్. శ్వేతసౌధంలో మందు గ్లాసు కనిపించకుండా చేసిన ఆవిడ. ఫ్రిజ్‌లో బీరు లేకపోతే నాకు ఆదివారం ఆదివారంలా ఉండదని ఊరంతటికీ తెలుసు. మా మరిది డెల్బర్ట్ ఏటా లేచి, "లూసమ్మా, అతిథులకు గొంతు తడిపేదేమైనా ఉందా?" అంటాడు. నేను "నిమ్మరసం ఉంది నాయనా, కూర్చో" అంటాను. అందరూ నవ్వుతారు.

ఓపల్‌కు దక్కింది ఆనా హారిసన్. మా వైపు మనిషే. భర్త అధ్యక్షుడై వాషింగ్టన్ వెళ్తే, ఒంట్లో బాగుండక ఆవిడ ఇంటిదగ్గరే ఆగిపోయింది. చలి తగ్గాక బయల్దేరదామని పెట్టె సర్దుకుంటుంటే కబురొచ్చింది, ఆయన పోయాడని. పదవి చేపట్టి సరిగ్గా నెల. అంతే ఆవిడ కథ. ఆ ఇంట్లో కాలు పెట్టలేదు కనుక ఓపల్‌కు వేదిక మీద కుర్చీ లేదు. కింద, మెట్ల పక్కన, ఒక పాత పెట్టె మీద కూర్చుంటుంది. కొత్తగా క్లబ్బులో చేరినప్పుడు మిగిలిన వేషం అదొక్కటే. వేరే వాళ్ళెవరైనా అయితే మూతి ముడుచుకునేవాళ్ళు. ఓపల్ మాత్రం, "నేనూ వాషింగ్టన్ చూడలేదు, మా ఇద్దరికీ కుదిరింది" అంది.

ఓపల్ స్కూలు క్యాంటీన్లో వంట చేసి రిటైరైంది. భర్త హార్లన్ నది మీద సరుకు పడవల్లో పనిచేసేవాడు. వారాలకు వారాలు ఇంట్లో ఉండేవాడు కాదు. ముగ్గురు పిల్లల్ని, ఒక మొండి మేకను, పక్షవాతం వచ్చిన అత్తగారిని ఒంటిచేత్తో లాక్కొచ్చింది. గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అలాగని నోట్లో నాలుక లేని మనిషి అనుకునేరు. మెల్లగా అంటుంది, తగలవలసిన చోట తగులుతుంది. స్కూలు భోజనాల్లో ఉప్పూ నూనే తగ్గాలని శ్వేతసౌధంలో అప్పటి అధ్యక్షుడి భార్య పట్టుబట్టిన రోజుల్లో, మా క్యాంటీన్లో వేపుళ్ళు మాయమై పళ్ళెంలోకి బ్రోకలీ వచ్చి కూర్చుంది. పిల్లలు గోల పెడితే ఓపల్, "ఆవిడకు ఎవరూ ఓటెయ్యలేదు, పదవి లేదు, జీతం లేదు. అయినా నా మూకుడు దించేసింది చూడండి. నేర్చుకోండి" అని నవ్వింది.

ఈ ఏడు క్లబ్బుకు కొత్త అధ్యక్షురాలు వచ్చింది, కాన్స్టన్స్ వైట్‌సెల్. హైస్కూల్ ప్రిన్సిపాల్‌గా చేసింది. మంచిదే, కానీ మనం కూర్చుంటే వీపు నిటారుగా ఉందో లేదో చూసే రకం. చర్చి కింది గదిలో మీటింగ్ పెట్టి విషయం చెప్పింది.

"కుర్చీలు ఎక్కువైపోయాయి. పోయిన ఏడు సగం జనం నిద్రపోయారు. ఈసారి మన విషయం పలుకుబడి. శ్వేతసౌధం హాల్లో బట్టలారేసుకున్న అబిగెయిల్ నుంచి, మంటలొస్తుంటే మొదటి అధ్యక్షుడు వాషింగ్టన్ పటాన్ని కాపాడినావిడ దాకా, మంచాన పడ్డ భర్త దగ్గరికి ఏ కాగితం వెళ్ళాలో తేల్చినావిడ దాకా, ఆడ విలేకరులను మాత్రమే పిలిచి మాట్లాడినావిడ దాకా ఆ పలుకుబడి ఎలా పెరిగిందో జనానికి తెలియాలి. అందుకని ఒక నియమం. ఈ సభలో ఒక్క ప్రశ్న కూడా రాని వేషం వచ్చే ఏటికి ఉండదు."

గదిలో అందరూ కాఫీ కప్పుల్లోకి చూశారు. ఆనా హారిసన్‌ను ఇన్నేళ్ళలో ఎవరూ ఏమీ అడగలేదు. అడగడానికి ఏముంది? కాన్స్టన్స్ కావాలని అనలేదు, అది నాకూ తెలుసు. అయినా నాకు చిర్రెత్తింది.

"అంటే ఓపల్‌ను తీసేస్తామని చెప్పడానికి ఇంత చుట్టు తిరగాలా మేడమ్?" అన్నాను.

"ఎవర్నీ తీసెయ్యడం లేదు నెల్డా. ఇంకో మంచి వేషం ఇస్తాం. వేదిక మీద, కుర్చీతో సహా" అంది కాన్స్టన్స్.

ఓపల్ లేచింది. ఖాళీ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చింది.

తిరిగి వెళ్తూ కారులో నేనే ఎత్తాను. "డెల్బర్ట్‌తో ఒక ప్రశ్న అడిగిస్తాను. బీరు గోల మానేసి నిన్నడుగుతాడు. ఎవరికి తెలుస్తుంది?"

"వద్దు."

"ఎందుకొద్దే? పోతే పోనీ అనుకుంటున్నావా?"

"పోనివ్వనే నెల్డా. నాకు ఆవిడ కావాలి." కిటికీ అద్దం దించింది. "అందరూ వెళ్ళినవాళ్ళ కథలే చెబుతారు. ఇంట్లో ఉండిపోయినవాళ్ళ కోసం అక్కడ ఒక్క పెట్టె అయినా ఉంది. అదీ తీసేస్తే మనం ఎక్కడ కూర్చోవాలి? కానీ పెట్టుడు ప్రశ్న వద్దు. అలా నిలబెడితే ఆవిడకే చిన్నతనం."

"నీ మొండితనం తగలెయ్య" అన్నాను. నాకు దుఃఖం వచ్చింది, అందుకే తిట్టాను.

సభ రోజు రానే వచ్చింది. హాలు నిండింది. వెనక బల్లల మీద హామ్ శాండ్‌విచ్‌లు, పెద్ద జాడీల్లో నిమ్మరసం. ఓపల్ నల్ల గౌను, తెల్ల కుచ్చుల టోపీ వేసుకుని పెట్టె మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాన్స్టన్స్, ఆడ విలేకరులను పిలిచిన ఎలినార్ రూజ్‌వెల్ట్ టోపీలో వేదిక మధ్యలో.

ప్రశ్నలు జోరుగా వచ్చాయి. హాల్లో బట్టలారేస్తే అతిథులు ఏమనుకున్నారని అబిగెయిల్‌ను అడిగారు. "తడిబట్టలతో రాలేను కదమ్మా" అందామె. డెల్బర్ట్ ఎప్పటిలాగే నన్ను గొంతు తడిపే ప్రశ్న అడిగాడు. తన రొమ్ము క్యాన్సర్ సంగతి దేశమంతటికీ చెప్పడానికి భయమెయ్యలేదా అని ఒకామె బెటీ ఫోర్డ్‌ను అడిగింది. ఎలినార్‌కు వచ్చినన్ని ప్రశ్నలు ఎవరికీ రాలేదు. ఆ పెట్టె వైపు మాత్రం ఒక్కరూ చూడలేదు. నాకు కుర్చీలో ముళ్ళున్నట్టుంది. డెల్బర్ట్‌కు కళ్ళతో సైగ చేశాను కూడా, ఓపల్ అంత గట్టిగా వద్దన్న సంగతి మరిచిపోయి. వాడు వెర్రిమొహం వేసుకుని శాండ్‌విచ్ కొరుక్కున్నాడు.

"ఇక చివరి ప్రశ్న" అంది కాన్స్టన్స్.

ముందు వరుసలోంచి వర్జిల్ నీస్ లేచాడు. చేతికర్ర పట్టుకుని నడిచే పెద్దాయన, అప్పటికే నిమ్మరసం జాడీ సగం ఖాళీ చేశాడు. దగ్గర్లో కనబడింది ఓపలే కనుక ఆమెనే అడిగాడు. చెవులు సరిగా వినిపించవు కనుక గట్టిగానే అడిగాడు.

"అమ్మా, ఇక్కడ బాత్రూం ఎటువైపు?"

ఓపల్ వేషం వదల్లేదు. వేదికను ఒకసారి పైకీ కిందికీ చూసి, "నన్నడుగుతారేం బాబుగారూ. నేను ఆ ఇంట్లో కాలే పెట్టలేదు" అంది.

హాలు గొల్లుమంది. ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. వాషింగ్టన్ పటాన్ని కాపాడిన డాలీ మాడిసన్ తలపాగా ఊడి కింద పడింది. కాన్స్టన్స్ నవ్వాపుకోలేక టోపీ మొహానికి అడ్డం పెట్టుకుంది.

నేను లేచి నిలబడ్డాను. "మేడమ్, ప్రశ్న వచ్చింది. మీ నియమంలో ప్రశ్న రావాలని ఉంది కానీ ఏ ప్రశ్నో లేదు."

"వచ్చింది నెల్డా, వచ్చింది. కూర్చో" అంది కళ్ళు తుడుచుకుంటూ.

డెల్బర్ట్ వెళ్ళి వర్జిల్‌కు దారి చూపించాడు. అక్కడితో అయిపోవలసింది. కానీ నవ్విన జనం ఇప్పుడు ఓపల్ వైపు తిరిగి ఉన్నారు. మూడో వరుసలో మందుల షాపు లొరీన్ నెమ్మదిగా లేచింది. ఆమె భర్త పోయి ఏడాది కాలేదు.

"మిసెస్ హారిసన్, మీరు వెళ్ళాలనుకున్నారా అసలు?"

ఓపల్ ఆమె వైపు తిరిగింది. "లేదమ్మా. ఆయన్ను ఇంటిపట్టున ఉండనిస్తే బాగుండునని నా బాధ. గెలిచాడంటే ఊరంతా పండగ చేసుకుంది, నేనొక్కదాన్నే సంతోషపడలేదు. ఒంట్లో బాగాలేదు, చలి తగ్గాక వస్తానన్నాను. ఆయన వెళ్ళాడు. ఆ గడ్డకట్టే చలిలో కోటు లేకుండా నిలబడి అంత పొడుగు ఉపన్యాసం ఇచ్చాడట. అందుకే జబ్బు చేసిందని జనం అంటారు. అవునో కాదో డాక్టర్లకు తెలియాలి."

ఓపల్ వేదిక వైపు చూసింది.

"పలుకుబడి గురించి ఇందాకటి నుంచి వింటున్నాను. చాలా గొప్పవాళ్ళున్నారు పైన. నా సంగతి ఒక్కటే చెబుతాను. నేనే గనక ఆ రోజు పక్కన ఉంటే, కోటు తొడుక్కోకుండా గడప దాటనిచ్చేదాన్నా?"

 ముందు లొరీన్ నవ్వింది, కళ్ళనిండా నీళ్ళతో. ఆమె నవ్వాక హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నేను చిన్నపిల్లలా ఏడ్చాను, లూసీ హేస్ ఏడుస్తుందో లేదో నాకు తెలియదు.

కాన్స్టన్స్ మెట్లు దిగి వచ్చి ఓపల్ ముందు నిలబడింది. "వచ్చే ఏడు పైన మధ్య కుర్చీ మీకిస్తాను. నా పక్కనే. కాదనకండి."

ఓపల్ టోపీ కుచ్చులు సర్దుకుంది.

"మీరే వచ్చే ఏడు కాసేపు కిందికి రండి మేడమ్" అని పెట్టె మీద కొంచెం పక్కకు జరిగింది. "ఇద్దరికి చోటుంది."